పుచ్చకాయ ఐస్‌క్రీమ్ కేక్: పొరలు కలవకుండా, చాకు దిగేలా

మీరు అడిగింది ఇది: మే నెలలో పాప పుట్టినరోజు. కోస్తే పుచ్చకాయ ముక్కలా కనిపించే ఐస్‌క్రీమ్ కేక్ ఇంట్లోనే చేయాలి. కిందటిసారి ఆకుపచ్చా తెలుపూ కలిసిపోయాయి, ఎరుపు చాకు దిగనంత గట్టిపడింది, బల్ల మీద పెట్టగానే అంచులు కారిపోయాయి. ఉన్నది సింగిల్ డోర్ ఫ్రిజ్. పైగా మధ్యాహ్నం పూట కరెంటు పోతుంటుంది.

మొదటి రెండు లోపాలకీ మూలం ఒక్కటే. ఐస్‌క్రీమ్‌ని మెత్తబరచాల్సిన చోట కరిగించారు. మన ఆహార భద్రతా నిబంధనల ప్రకారం లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగితే చాలు. అంటే లీటరు డబ్బాలో దాదాపు సగం గాలి ఉండవచ్చు. నాలుకకు తగిలే మెత్తదనం చాలావరకు ఆ సన్నటి గాలి బుడగల వల్లే వస్తుంది. పూర్తిగా కరిగితే ఆ గాలి బయటికి పోతుంది, మళ్లీ గడ్డకట్టించినా తిరిగి రాదు. మిగిలిన నీరు ఫ్రీజర్‌లో కదలకుండా, నిదానంగా గడ్డకడుతుంది కాబట్టి పెద్ద పెద్ద పలుకులు అవుతుంది. మీ ఎరుపు పొర అలాగే గట్టిపడింది. రంగులు కలవడం కూడా ఇందువల్లే. జారుగా ఉన్నదాన్ని పోస్తే అది కింది పొర పైభాగాన్ని కూడా కరిగించి తనలో కలుపుకుంటుంది.

కాబట్టి డబ్బాని బయట గట్టు మీద పెట్టకండి. 40 డిగ్రీల ఎండల్లో అంచులు పాలైపోతాయి, నడిమి మాత్రం గట్టిగానే ఉంటుంది. ఫ్రీజర్ నుంచి తీసి ఫ్రిజ్ కింది అరలో 20 నుంచి 30 నిమిషాలు ఉంచండి. తర్వాత ఒక చల్లటి గిన్నెలోకి తీసి గరిటెతో మెదపండి. గారెలకు గట్టిగా రుబ్బిన పిండిలా ఉండాలి: గరిటెకు అంటుకుని నిలవాలి, వంచితే జారకూడదు. జారుతోందంటే పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి మళ్లీ మెదపండి. మిక్సీలో మాత్రం వేయకండి. అది నిమిషంలో వేడెక్కించి గాలంతా తీసేస్తుంది.

ఇక గిన్నె. లోపలి వ్యాసం 18 సెం.మీ. ఉన్న గుండ్రటి స్టీలు గిన్నె తీసుకోండి, ఒకటిన్నర లీటర్లు పడుతుంది. పది పన్నెండు మందికి సరిపోతుంది. అడుగు కొంచెం చదునుగా ఉన్నా ఫర్వాలేదు గానీ, మూతి దగ్గర లోపలికి వంగిన గిన్నె వద్దు. కేక్ ఎంత బాగా గడ్డకట్టినా అందులోంచి ఊడి రాదు. గాజు, ప్లాస్టిక్ కన్నా స్టీలు నయం. చలి త్వరగా పాకుతుంది, బోర్లించేటప్పుడు వేడి గుడ్డ చుడితే వెంటనే వదులుతుంది. మీ ఫ్రీజర్ అరలో ఆ గిన్నె నిలుస్తుందో లేదో ముందే పెట్టి చూసుకోండి. అరలో మంచు పేరుకుని ఉంటే మూడు రోజుల ముందే డీఫ్రాస్ట్ చేయండి. ఆ మంచు చోటు తినేయడమే కాక చలిని కూడా అడ్డుకుంటుంది. ముందు రాత్రే థర్మోస్టాట్‌ని గరిష్ఠానికి తిప్పి పెట్టండి.

18 సెం.మీ. అర్ధగోళానికి పొరల లెక్క చెబుతాను. బయటి ఆకుపచ్చ ఒక సెంటీమీటరు మందానికి 400 నుంచి 450 మి.లీ., దాని లోపల తెలుపు ముప్పావు సెంటీమీటరుకి 250 మి.లీ., నడుమ ఎరుపు 650 మి.లీ., అన్నిటికన్నా పైన, అంటే బోర్లిస్తే అడుగున, ఒక సెంటీమీటరు కేకు లేదా బిస్కెట్ పొడి. మీ గిన్నె వేరైతే నీళ్లు నింపి కొలవండి. దాదాపు 3 పాళ్లు ఆకుపచ్చ, ఒకటిన్నర పాళ్లు తెలుపు, నాలుగున్నర పాళ్లు ఎరుపు పడుతుంది. చాలామంది తెలుపుని మరీ మందంగా వేస్తారు. కోసినప్పుడు అది పుచ్చకాయలా కాక మూడు రంగుల జెండాలా కనిపిస్తుంది. తెలుపు సన్నగా ఉంటేనే అందం.

కొన్న ఐస్‌క్రీమ్‌తో చేస్తే బయటికి పిస్తా, నడుమ వెనీలా, లోపల స్ట్రాబెర్రీ. కొనేటప్పుడు డబ్బా మీద మి.లీ.తో పాటు గ్రాములు కూడా చూడండి. రెండు 700 మి.లీ. డబ్బాల్లో ఒకటి 370 గ్రాములు, ఇంకొకటి 450 గ్రాములు ఉంటే రెండోదే తీసుకోండి. గాలి తక్కువ కాబట్టి మెదిపినా కుంగదు. ‘ఫ్రోజెన్ డెజర్ట్’ అని ఉంటే అందులో పాల కొవ్వు బదులు మొక్కల నుంచి తీసిన నూనె ఉన్నట్టు. దానితోనూ కేక్ నిలుస్తుంది, రుచిలో మాత్రం తేడా తెలుస్తుంది.

ఇంట్లో చేసుకోవాలంటే యంత్రం అక్కర్లేదు. చల్లటి విప్పింగ్ క్రీమ్ 600 మి.లీ., కండెన్స్‌డ్ మిల్క్ 300 గ్రాములు, చిటికెడు ఉప్పు. మూడు పొరలకూ ఈ ఒక్క మిశ్రమమే. క్రీమ్‌లో కొవ్వు కనీసం 30 శాతం ఉండాలి. కూరల్లో వేసే 25 శాతం ఫ్రెష్ క్రీమ్ ఎంత గిలకొట్టినా ఈ పనికి తగినట్టు పొంగదు. బేకరీ సామాన్ల దుకాణాల్లో దొరికే నాన్ డైరీ విప్ టాపింగ్ వాడితే అది ముందే తియ్యగా ఉంటుంది, పొంగడం కూడా ఎక్కువ. అప్పుడు 400 మి.లీ. టాపింగ్, 200 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ చాలు. మే నెల వేడిలో బాగా నిలిచేది టాపింగే, తినడానికి బాగుండేది పాల క్రీమే. పిల్లల పుట్టినరోజు కాబట్టి నేనైతే పాల క్రీమే చెబుతాను, కాస్త జాగ్రత్త ఎక్కువ పడినా సరే.

ఆ జాగ్రత్త ఏమిటంటే చల్లదనం. క్రీమ్ 10 డిగ్రీలు దాటిందంటే అందులోని కొవ్వు మెత్తబడి గాలిని పట్టుకోలేదు. గిన్నెనీ బీటర్ చువ్వలనీ 15 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి, తెల్లవారుజామున గానీ ఏసీ గదిలో గానీ గిలకొట్టండి. గిన్నె కింద ఐసు, నీళ్లు ఉన్న పళ్లెం పెట్టండి. బీటర్ పైకి ఎత్తితే కొన మెల్లగా వంగే దశ దగ్గర ఆపేయాలి. ఇంకో అర నిమిషం తిప్పితే క్రీమ్ పలుకుగా మారి, ఆపైన వెన్న, నీరు విడిపోతాయి. కండెన్స్‌డ్ మిల్క్‌ని కూడా ముందే చల్లబరిచి, మూడు విడతలుగా గరిటెతో అడుగు నుంచి పైకి మడుస్తూ కలపండి. బీటర్‌తో కలపకండి.

ఆకుపచ్చకు 50 గ్రాముల ఉప్పులేని పిస్తా మెత్తగా పొడి చేసి కలపండి. రంగు దానితో చాలదు, రెండు చుక్కల జెల్ రంగు వేయాల్సిందే. నీళ్ల రంగు వద్దు. అంత రంగు రావడానికి చాలా పోయాలి, ఆ నీరంతా మంచు పలుకులవుతుంది. తెలుపుకి వెనీలా అర చెంచా. కొబ్బరి ఇష్టమైతే చిక్కటి కొబ్బరిపాలు రెండు చెంచాలు కలపవచ్చు.

ఎరుపు దగ్గరే అందరూ పొరపడతారు. పుచ్చకాయ కేక్ కదా అని పుచ్చకాయ గుజ్జునే క్రీమ్‌లో పోస్తారు. పుచ్చకాయలో 90 శాతం పైగా నీరే. పొర మొత్తం కరకరలాడే ఐసు అవుతుంది. పోనీ మరిగించి చిక్కబరుద్దామంటే పండు వాసన పోయి ఉడికిన గుమ్మడికాయ వాసన వస్తుంది. అందుకే ఆకారం పుచ్చకాయది, రుచి స్ట్రాబెర్రీది అనుకోవడమే మేలు. మేలో తాజా స్ట్రాబెర్రీ దొరకడం కష్టం కాబట్టి ఫ్రోజెన్ పండ్లు 250 గ్రాములు తీసుకోండి. 50 గ్రాముల చక్కెర, అర చెక్క నిమ్మరసం, వేలెడు బీట్‌రూట్ ముక్క వేసి, మొత్తం 150 గ్రాములకు వచ్చేదాకా దగ్గరగా ఉడికించండి. బీట్‌రూట్ తీసేసి, మెదిపి, పూర్తిగా చల్లార్చి కలపండి. గోరువెచ్చగా ఉన్నా సరే క్రీమ్ దిగిపోతుంది. బీట్‌రూట్ లేకపోతే వచ్చేది లేత గులాబీ రంగే. రోజ్ సిరప్‌తో రంగు తెద్దామనుకుంటే రెండు చెంచాలు దాటకండి. చక్కెర ఎక్కువైతే పొర గడ్డకట్టదు, కోసిన చోటల్లా జారుతుంది.

పుచ్చకాయ రుచే కావాలని పాప పట్టుబడితే సోర్బె, అంటే పాలు లేకుండా పండ్ల రసంతో చేసే ఐసు, చేయాలి. వడకట్టిన రసం 500 మి.లీ., చక్కెర 120 గ్రాములు, నిమ్మరసం రెండు చెంచాలు. చక్కెర కరిగేదాకా కలిపి వెడల్పాటి పళ్లెంలో గడ్డకట్టించి, ముక్కలు చేసి మిక్సీలో తిప్పి, మళ్లీ గడ్డకట్టించి మళ్లీ తిప్పాలి. ఇందులో పాల ఐస్‌క్రీమ్‌లోలా కాపాడాల్సిన గాలి లేదు, చితక్కొట్టాల్సిన పలుకులే ఉన్నాయి కాబట్టి ఇక్కడ మిక్సీ వాడవచ్చు. దీనికో చిక్కుంది: సోర్బె, ఐస్‌క్రీమ్ ఒకదానికొకటి గట్టిగా అతుక్కోవు. కోసేటప్పుడు ఎరుపు భాగం ఒక ముద్దలా ఊడి రావచ్చు. మొదటిసారి నిలబడే కేక్ కావాలనుకుంటే స్ట్రాబెర్రీ క్రీమే ఎంచుకోండి, కోసిన పుచ్చకాయ ముక్కలు పక్కన పెట్టండి.

గింజలకు దుకాణంలో దొరికే చాక్లెట్ చిప్స్ నేరుగా వేస్తే పంటి కింద గులకరాళ్లే. చలికి చాక్లెట్ అంత గట్టిపడుతుంది. 40 గ్రాముల డార్క్ కాంపౌండ్ (బేకరీ పనికి వాడే చాక్లెట్ దిమ్మె) తీసుకుని, అందులో ఒక చిన్న చెంచాడు కొబ్బరినూనె వేసి కరిగించి, బటర్ పేపర్ మీద చిన్న చుక్కలు పెట్టి, పుల్లతో ఒక పక్కకి లాగితే పుచ్చగింజ ఆకారం వస్తుంది. నూనె ఉంది కాబట్టి నోట్లో తొందరగా కరుగుతాయి. నానబెట్టిన సబ్జా గింజలు వాడే ఆలోచన ఉంటే మానుకోండి, ప్రతి గింజా ఒక మంచు గుండు అవుతుంది.

ఇప్పుడు పేర్చడం. విందు ఆదివారం సాయంత్రమైతే శుక్రవారం రాత్రి మొదలుపెట్టండి. గిన్నె లోపల రెండు చుక్కల నూనె రాసి, క్లింగ్ ఫిల్మ్‌ని (ఆహారానికి చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర) అంచుల నుంచి జానెడు బయటికి వేలాడేలా పరవండి. నూనె ఉంటే ఫిల్మ్ గిన్నెకు అంటుకుని ముడతలు తగ్గుతాయి. ప్రతి ముడతా కేక్ మీద గీతై కనిపిస్తుంది. గిన్నెని 15 నిమిషాలు ఫ్రీజర్‌లో ఉంచి తీయండి. పుచ్చకాయ మీది ముదురు చారలు ఇప్పుడే వేయాలి. 50 గ్రాముల వైట్ కాంపౌండ్ కరిగించి, నూనెలో కలిసే ముదురు ఆకుపచ్చ రంగు వేసి, పాల కవర్ మూల కత్తిరించి అందులో పోసి, అడుగు మధ్య నుంచి అంచు దాకా ఎనిమిది వంకర గీతలు గీయండి. చల్లటి గిన్నె మీద వెంటనే గట్టిపడతాయి. మామూలు నీళ్ల రంగు ఒక్క చుక్క పడినా చాక్లెట్ ముద్దకట్టి పిండడానికి రాదు. నూనె రంగు దొరక్కపోతే చారలు వదిలేసి, బోర్లించాక పిస్తా పొడితో గీతలు అద్దండి.

తర్వాత ఆకుపచ్చ. గరిటెతో గోడలకు ఎక్కించడం కష్టం, అంచు దగ్గర పల్చబడి అడుగున పేరుకుంటుంది. సులువైన దారి: మెత్తబరిచిన ఐస్‌క్రీమ్ మొత్తం అడుగున వేసి, 16 సెం.మీ. వ్యాసం ఉన్న చిన్న గిన్నెకు బయట ఫిల్మ్ చుట్టి, దాని మీద పెట్టి మెల్లగా తిప్పుతూ నొక్కండి. ఐస్‌క్రీమ్ సందులోంచి పైకి పాకి అంచుకి వస్తుంది. చిన్న గిన్నె తేలకుండా అందులో గుప్పెడు కందిపప్పు పోయండి. అలాగే రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచండి. పొద్దున్న పప్పు తీసేసి, చిన్న గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి పది లెక్కపెట్టేలోపు పారబోస్తే గిన్నె ఊడి వస్తుంది, ఫిల్మ్ లాగేయండి. మళ్లీ 20 నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టాకే తెలుపు వేయాలి.

తెలుపుని చెంచా వీపుతో అద్దుతూ పరవండి. దాన్ని మూడు గంటలు వదలండి. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో గంటన్నర చాలు, మీ సింగిల్ డోర్ అరలో చాలదు. గడియారం కన్నా వేలే నమ్మకం: నొక్కితే వేలి ముద్ర పడకూడదు, చలి తగలాలి. ముద్ర పడిందంటే ఇంకా ఆగాలి. అలాగని రాత్రంతా మూత లేకుండా వదిలేసినా నష్టమే. పొర మీద నూగులా మంచు పడుతుంది, పై పొర దానికి అతుక్కోదు, కోస్తే పొరలు విడివిడిగా వస్తాయి. అలా మంచు పడితే పొడి గుడ్డతో తుడిచి, ఫోర్కుతో సన్నగా గీతలు గీసి పై పొర వేయండి.

ఎరుపుని ఒకేసారి నింపకండి. అసలు పుచ్చకాయని కోసి చూడండి, గింజలు నడిమధ్యలో ఉండవు, అంచుకి కొంచెం లోపలగా వరసలో ఉంటాయి. ముందు ఎరుపుని చుట్టూ రెండు సెంటీమీటర్లు పరిచి, దాని మీద గింజలు గుచ్చి, నడుమ ఖాళీని గింజల్లేని ఎరుపుతో నింపండి. ముక్క కోసినప్పుడు పిల్లలు నిజంగా పుచ్చకాయే అనుకుంటారు. గింజలన్నీ కలిపేసి పోస్తే టుటీఫ్రూటీలా చెల్లాచెదురుగా కనిపిస్తాయి. పైన ఒక సెంటీమీటరు ఖాళీ ఉంచండి.

ఆ ఎరుపు ఇంకా మెత్తగా ఉండగానే అడుగు వేయాలి, గడ్డకట్టాక వేస్తే అంటుకోదు. మన పార్లర్లలో అమ్మే కసాటాలో ఉన్నట్టు సన్నటి స్పాంజ్ ముక్క దీనికి బాగా నప్పుతుంది. కేకు వెన్నతో కాక నూనెతో చేసినదై ఉండాలి. వెన్న ఫ్రీజర్‌లో గట్టిపడుతుంది, నూనె కేకు మెత్తగానే ఉంటుంది. సమపాళ్లలో చేసిన చక్కెర నీళ్లు మూడు చెంచాలు చిలకరించండి. బిస్కెట్ కావాలంటే మారీ బిస్కెట్ పొడి 150 గ్రాములు, కరిగిన వెన్న 40 గ్రాములు, కండెన్స్‌డ్ మిల్క్ ఒకటిన్నర చెంచాలు. చీజ్‌కేక్ కోసం వేసినంత వెన్న వేస్తే ఇక్కడ చాకు విరగాల్సిందే. అరచేత్తో తేలిగ్గా అదిమి, వేలాడే ఫిల్మ్‌ని పైకి మడిచి, దాని మీద ఫాయిల్ కప్పండి. అదే అరలో చేపలో మాంసమో ఉంటే రెండో ఫాయిల్ కూడా చుట్టండి, పాల కొవ్వు ఆ వాసనని ఇట్టే పట్టేస్తుంది. శనివారం మధ్యాహ్నానికల్లా ఇది అయిపోతే ఆదివారం సాయంత్రానికి నిబ్బరంగా గడ్డకడుతుంది. కనీసం 12 గంటలు తప్పదు.

కరెంటు సంగతి. అరలో మిగిలిన చోటంతా గడ్డకట్టిన నీళ్ల సీసాలతో నింపండి, తలుపు తీయకండి. గంట కోతకి ఏమీ కాదు. రెండు గంటలు దాటుతుందని తెలిస్తే థర్మోకోల్ పెట్టె సిద్ధంగా పెట్టుకోండి: 3 కిలోల పగలగొట్టిన ఐసుకి ఒక కిలో కల్లుప్పు. ఉప్పు ఐసుని కరిగిస్తూ దాని చలిని సున్నాకి బాగా కిందికి, మైనస్ 10 డిగ్రీల దాపుకి దించుతుంది. ఫాయిల్ చుట్టిన గిన్నెని ఒక పాలిథిన్ కవర్లో పెట్టి, మూతి గట్టిగా కట్టి అందులో పూడ్చండి. ఉప్పునీళ్లు ఒక్క చుక్క లోపలికి పోయినా కేక్ పాడవుతుంది. మూత పెడితే మూడు నాలుగు గంటలు నిలుస్తుంది. అంచులు మెత్తబడితే మళ్లీ గడ్డకట్టించవచ్చు. పూర్తిగా పాలై గంటకు మించి ఎండాకాలపు వేడిలో ఉంటే మాత్రం తిరిగి గడ్డకట్టించకండి, పారేయండి. చలి క్రిములని చంపదు, నిద్రపుచ్చుతుందంతే. తినేది పిల్లలు.

బోర్లించే పని విందుకి గంట ముందు చేయండి, అతిథులు వచ్చాక కాదు. పళ్లేన్ని ముందే ఫ్రీజర్‌లో చల్లబరచండి. గిన్నె మీద పళ్లెం మూసి తిప్పి, వేడి నీళ్లలో పిండిన గుడ్డని స్టీలు గిన్నె చుట్టూ పది సెకన్లు చుట్టండి. ఫిల్మ్ చివరలు పట్టుకుని, గిన్నె పైకి ఎత్తండి. రాకపోతే ఇంకో ఐదు సెకన్లు, అంతేగానీ గిన్నెని వేడినీళ్లలో ముంచి ఉంచకండి. ఫిల్మ్ తీసి మళ్లీ అరగంట ఫ్రీజర్‌లో పెడితే మెరుపు పోయి పైభాగం బిగుస్తుంది.

మీ అంచులు కారిపోవడానికి సగం కారణం కొవ్వొత్తులూ ఫొటోలే. రెంటచింతలలోనో రామగుండంలోనో మే సాయంత్రం ఫ్యాన్ కింద పది నిమిషాలు అంటే చాలా ఎక్కువ. ఫ్యాన్ గాలి కూడా వేడిని తెచ్చి కేక్‌కి తగిలిస్తూ ఉంటుంది. కొవ్వొత్తులు ఒక చిన్న కప్‌కేక్ మీద పెట్టి పాట ఆ కప్‌కేక్ దగ్గరే పాడించండి. పుచ్చకాయ కేక్‌ని కోయడానికి 10 నిమిషాల ముందు ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్ కింది అరకి మార్చి, కోసేటప్పుడే బయటికి తీయండి. పళ్లెం కింద ఐసు పరిచిన ఇంకో వెడల్పాటి పళ్లెం పెట్టండి.

పొడవాటి, పళ్లు లేని చాకు కావాలి. వేడినీళ్లలో ముంచి, పొడిగా తుడిచి, నిలువునా దించండి. తడి చాకు ముక్క మీద ఐసు పొర వదులుతుంది, తుడవని చాకు ఎరుపుని తెలుపు మీదికి పూస్తుంది. ప్రతి కోతకీ ముంచి తుడవాలి. ముందు సగానికి కోసి ఒక సగాన్ని వెంటనే ఫ్రీజర్‌కి పంపండి. మిగతా సగాన్ని ఐదారు ముక్కలు చేసి వడ్డించాకే రెండోది తీయండి.

మిగిలితే కోసిన ముఖాలకు ఫిల్మ్ తగిలేలా చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి. సింగిల్ డోర్ అరలో వారంలోపు తినేయండి, ఆ తర్వాత పలుకులు పడటం మొదలవుతుంది.